ఆపరేషన్ తర్వాత మూత్రం ఆగకపోతే... ఏ ప్యాడ్ కొనాలి, ఎలా వాడాలి?

మా అబ్బాకు ప్రోస్టేట్ ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చిన వారం. జుమా రోజు స్నానం చేసి, వుజూ చేసుకుని, తెల్ల కుర్తా పైజామా వేసుకుని గుమ్మం దాకా వచ్చారు. చెప్పులు వేసుకోబోతూ ఆగిపోయారు. "మీరు వెళ్లండి, నేను ఇంట్లోనే జొహర్ చదువుకుంటా" అన్నారు. వంగినప్పుడు మూత్రం జారి పైజామా తడిసిందని తర్వాత అమ్మీ చెబితే తెలిసింది. మూడు జుమాలు ఆయన అలాగే ఇంట్లో ఉండిపోయారు.

డిశ్చార్జి కాగితంలో మాత్రలున్నాయి, మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ ఉంది. ఇంట్లో మూత్రం ఆగకపోతే ఏం వాడాలో ఒక్క ముక్క లేదు. నేను గుంటూరు కొత్తపేటలో ఒక మెడికల్ షాపుకు వెళ్తే "పెద్దవాళ్ల డైపరా భయ్యా? ఎల్లా, ఎక్సెల్లా?" అని అడిగారు. పెద్దదైతే ఢోకా ఉండదు కదా అని ఎక్సెల్ తెచ్చాను. అబ్బా సన్నటి మనిషి. తొడల దగ్గర సందు మిగిలి, అంత లావు డైపర్ వేసినా పక్కనుంచి కారింది. "నేనేమన్నా పసిపిల్లాడినా" అని తీసి పక్కన పడేశారు. పది ఉన్న ప్యాకెట్టులో తొమ్మిది మిగిలాయి. ఆ తర్వాత డాక్టర్లను, నర్సులను, షాపువాళ్లను అడిగి, కొని, వాడి తెలుసుకున్న సంగతులు ఇవి.

ఎవరికి ఈ ఇబ్బంది వస్తుంది

ప్రోస్టేట్ వాపుకు మూత్రనాళం గుండా చేసే ఆపరేషన్‌ను టీయూఆర్‌పీ అంటారు. మామూలుగా ఒకటి నుంచి మూడు రోజుల్లో మూత్రపు పైపు తీసేస్తారు. తీశాక కొన్నాళ్లు మాటిమాటికీ రావడం, వచ్చిందంటే ఆపుకోలేకపోవడం, లేచేటప్పుడు కొంచెం జారడం ఉంటాయి. ఎక్కువమందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు గ్రంథి మొత్తం తీసేసే ఆపరేషన్ సంగతి వేరు. అందులో కారడం ఎక్కువ, నెలల తరబడి ఉంటుంది. ఏడాదిలోపు చాలామందికి బాగా తగ్గుతుంది. అంటే ఒకరికి రెండు ప్యాకెట్లతో పోయే ఖర్చు, ఇంకొకరికి నెలనెలా వచ్చే ఖర్చు. మీది ఏదో ముందే డాక్టర్‌ను అడిగి తెలుసుకుంటే కొనేటప్పుడు పనికొస్తుంది.

ఆడవాళ్లలో గర్భసంచి తీసేశాక, జారిన గర్భసంచికి ఆపరేషన్ చేశాక దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా కొంచెం పడిపోవడం కొందరికి ఉంటుంది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన పెద్దవాళ్లకు చాలాసార్లు మూత్రసంచిలో లోపమేమీ ఉండదు. లేచి బాత్రూమ్ దాకా వెళ్లేలోపు ఆగదు, అంతే. వాళ్లకు డైపర్ కంటే ముందు మంచం పక్కన యూరిన్ పాట్ కావాలి.

ముందు ఇది చదవండి: ప్యాడ్‌తో కప్పకూడనివి

ప్యాడ్ బట్టలను కాపాడుతుందే గానీ జబ్బును కాదు. ఆపరేషన్ తర్వాత పైపు తీశాక చుక్కచుక్కగా కారుతూనే ఉంది, కానీ ధారగా రావడం లేదు, పొత్తికడుపు గట్టిగా ఉబ్బినట్టుంది అంటే లోపల మూత్రం నిండిపోయి పొర్లుతున్నట్టు. "కారుతోంది కదా, అడ్డమేం లేదులే" అని డైపర్ వేసి పడుకోబెట్టే ఇళ్లున్నాయి. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తపు గడ్డలు పడటం, ఎర్రటి మూత్రం తగ్గకుండా చిక్కబడటం, చలిజ్వరం, మంట రోజురోజుకూ పెరగడం కూడా అంతే. టీయూఆర్‌పీ అయినవాళ్లలో రెండో వారం ప్రాంతంలో కొంచెం రక్తం మళ్లీ కనిపించడం మామూలే, నీళ్లు తాగితే తేటపడుతుంది. తేటపడకపోతే ఫోన్ చేయండి.

గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్లకు ఇంకొకటి. వారం పది రోజులకు యోని నుంచి నీళ్లలా పగలూ రాత్రీ ఆగకుండా కారడం మొదలైతే, అది దగ్గుకు జారే మూత్రం కాదు. మూత్రసంచికి, యోనికి మధ్య రంధ్రం పడి ఉండొచ్చు. దీన్ని వైద్యంతో బాగుచేస్తారు. సిగ్గుపడి నెలల తరబడి గుడ్డలు మార్చుకుంటూ కూర్చునేవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. ఖాలాలో, ఫుప్పోలో "ఆపరేషన్ అయ్యాక అలాగే ఉంటుందమ్మా" అంటే నమ్మి ఆగిపోవద్దు.

కొనే ముందు రెండు రోజుల లెక్క

నేను బీకాం చదివినవాణ్ణి, నాకు ప్రతిదీ ఖాతాపుస్తకంలో రాయడం అలవాటు. ఇక్కడ అది పనికొచ్చింది. రెండు రోజులు ఒక కాగితం మీద రాయండి: ఎప్పుడు తడిసింది, ఏం చేస్తుంటే తడిసింది, చుక్కలా, చెంచాడా, గ్లాసుడా, పగలా, రాత్రా. ఇంకా కచ్చితంగా కావాలంటే వాడిన ప్యాడ్‌ను కవర్లో చుట్టి చిన్న కాటాలో తూచి, పొడి ప్యాడ్ బరువు తీసేయండి. ఒక గ్రాము అంటే దాదాపు ఒక మిల్లీలీటరు. రివ్యూకు వెళ్లినప్పుడు ఆ కాగితం చూపిస్తే డాక్టర్ కూడా సంతోషిస్తారు. "కొంచెం పడుతోంది సార్" అన్న మాటకంటే "నిన్న మొత్తం మీద 90 మిల్లీలీటర్లు" అన్నది ఎక్కువ పనికొస్తుంది.

అబ్బా కాగితంలో తేలింది ఏమిటంటే రాత్రి దాదాపు ఏమీ లేదు. పగలు కూడా లేచేటప్పుడు, వంగేటప్పుడు, బాత్రూమ్ గుమ్మం దగ్గరే. ఒక్కసారికి చెంచా రెండు చెంచాలు. అలాంటి మనిషికి నేను మంచం పట్టినవాళ్లకు వేసే డైపర్ తెచ్చాను.

ఏవేం దొరుకుతాయి

చుక్కలు, చెంచాలు అయితే లోపలి బట్టలో అతికించుకునే చిన్న ప్యాడ్ సరిపోతుంది. మగవాళ్లకు ముందు భాగంలో పీల్చే పొర ఎక్కువగా ఉండే, దొప్పలాంటి ఆకారంలో ఉన్న గార్డులు వస్తాయి. అన్ని మెడికల్ షాపుల్లో ఉండవు, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఆడవాళ్ల ప్యాడ్లలో పీల్చే పొర మధ్యలో ఉంటుంది కాబట్టి మగవాళ్లు అవి పెట్టుకుంటే ముందు నుంచి తడుస్తుంది. ఒక్క మాట: ఇవి నిలబడాలంటే లోపల ఒంటికి పట్టి ఉండే బ్రీఫ్ టైపు డ్రాయర్ ఉండాలి. ఇంట్లో లుంగీ మీద ఉండే మనుషులకు, వదులు నిక్కరు వేసేవాళ్లకు ఈ ప్యాడ్ జారి కింద పడుతుంది. మా ఇంట్లో ముందు రెండు బిగుతు డ్రాయర్లు కొన్నాకే గార్డు పనికొచ్చింది.

ఒకేసారి గ్లాసుడు పడేవాళ్లకు, నడిచే ఓపిక ఉన్నవాళ్లకు ప్యాంట్ టైపు మేలు. ఫ్రెండ్స్, లైఫ్రీ, డిగ్నిటీ లాంటి బ్రాండ్లు మన ఊళ్లలోనూ దొరుకుతున్నాయి. మామూలు డ్రాయర్‌లా తొడుక్కోవచ్చు, బాత్రూమ్‌కు వెళ్తే కిందికి దించుకోవచ్చు. తీసేటప్పుడు మాత్రం పక్క కుట్టు చింపి తీయాలి. కాళ్ల మీదుగా లాగితే కాళ్లంతా అవుతుంది.

మంచం మీద ఉన్నవాళ్లకు రెండు పక్కలా స్టిక్కర్లుండే టేప్ టైపు. ఒక పక్కకు తిప్పి, కింద పరిచి, మళ్లీ వెనక్కి తిప్పి అతికించొచ్చు. లేపి నిలబెట్టక్కర్లేదు. మగవాళ్లకు వేసేటప్పుడు మూత్రాంగం కిందివైపు ఉండేలా చూడాలి, లేకపోతే నడుము పట్టీ మీదుగా బయటికి వచ్చేస్తుంది. ఈ చిన్న విషయం తెలియక "ఈ బ్రాండు మంచిది కాదు" అని మూడు బ్రాండ్లు మార్చినవాళ్లున్నారు.

నాలుగోది మంచం మీద పరిచే అండర్‌ప్యాడ్. మన ఇళ్లలో రబ్బరు షీటు వేస్తారు. దాని మీద చెమట పట్టి వీపు, పిరుదులు పాసిపోతాయి. రబ్బరు షీటు పరుపు మీద ఉంచి, దాని పైన అండర్‌ప్యాడ్ పరిస్తే మంచిది.

నెలసరి ప్యాడ్ పెట్టుకుంటే సరిపోదా అని అమ్మీ అడిగింది. అది చిక్కగా, నెమ్మదిగా వచ్చే రక్తానికి చేసింది. మూత్రం పల్చగా, ఒక్కసారిగా వస్తుంది. మూత్రం ప్యాడ్ లోపల దాన్ని జెల్లీలా గడ్డకట్టించే పొడి ఎక్కువ మోతాదులో ఉంటుంది, అందుకే పైన పొడిగా అనిపిస్తుంది. అయితే గర్భసంచి ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు పడే ఎర్రపు, గోధుమరంగు స్రావానికి నెలసరి ప్యాడే సరి. తెల్లటి పైపొర ఉన్నది కొంటే రంగు, మోతాదు తెలుస్తాయి. ఆ రోజుల్లో లోపల పెట్టుకునే కప్పులు, టాంపాన్లు వద్దు.

సైజు, కుట్లు, పైపు

సైజు అంటే ఎంత పీలుస్తుందన్నది కాదు, నడుము కొలత. టైలర్ టేపుతో నడుము, పిరుదులు రెండూ కొలిచి, ఏది ఎక్కువైతే అది ప్యాకెట్ మీది సెంటీమీటర్లతో సరిచూసుకోండి. ఒక బ్రాండు మీడియం ఇంకో బ్రాండు లార్జ్ అవుతుంది. తొడల దగ్గర రెండు వేళ్లు సులువుగా దూరేంత సందు ఉంటే అది మీకు పెద్దది.

ప్యాకెట్ మీద వేసే మిల్లీలీటర్లను చూసి మోసపోకండి. ఐఎస్ఓ 11948 అనే పద్ధతి ఒకటుంది. దాంట్లో ప్యాడ్‌ను ద్రవంలో ముంచి, కారనిచ్చి, తూచి మొత్తం ఎంత పట్టిందో చూస్తారు. మనిషి కూర్చుని, ఒత్తి, నడిచేటప్పుడు అంత పట్టదు, అందులో చాలా తక్కువే నిలుస్తుంది. ఒక బ్రాండులో రెండు రకాలను పోల్చుకోవడానికి ఆ అంకె చాలు, గంటలు లెక్కేయడానికి కాదు.

పొత్తికడుపు మీద అడ్డంగా కుట్లున్నవాళ్లకు ప్యాంట్ టైపు ఎలాస్టిక్ సరిగ్గా కుట్ల మీదే ఒరుసుకుంటుంది. నడుము పైదాకా వచ్చేది, లేదా కుట్లకు తగలకుండా వదులుగా అతికించగల టేప్ టైపు చూడండి. కుట్ల చోట తడి తగలకూడదు. మూత్రపు పైపు ఇంకా ఉన్నవాళ్లకు కూడా టేప్ టైపే వీలు, పైపును పక్క నుంచి బయటికి తేవచ్చు. పైపు మడత పడకూడదు, సంచి ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే ఉండాలి.

తడి ఎక్కువని ఒకదాని మీద ఒకటి రెండు ప్యాడ్లు పెడుతుంటారు. పైదానికి వెనక ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి కిందిదాకా పోదు, పక్కల నుంచి కారుతుంది. ఒకటే పెట్టి ముందుగా మార్చడం నయం.

నమాజు, పాకీ

మా ఇంట్లో అసలు సమస్య ఇదే. డైపర్‌తో నమాజు అవుతుందా, బట్టలు నాపాక్ అయితే ఎలా అని అబ్బా ఎవరినీ అడగలేక లోపల్లోపల నలిగిపోయారు.

హనఫీ ఫిఖ్హ్‌లో 'మాజూర్' అన్న మాట ఉంది. ఒక నమాజు వక్తు మొత్తంలో వుజూ చేసుకుని ఫర్జ్ చదువుకునేంత సందు కూడా దొరకకుండా కారుతుంటే ఆ మనిషి మాజూర్. తర్వాతి ప్రతి వక్తులో కనీసం ఒకసారైనా అది కనిపిస్తున్నంతకాలం ఆ సడలింపు ఉంటుంది. ఆయన వక్తు వచ్చాక ఒకసారి వుజూ చేసుకుని ఆ వక్తు ముగిసేదాకా ఫర్జ్, సున్నత్, నఫిల్ చదువుకోవచ్చు. మధ్యలో ఆ మూత్రం జారినా వుజూ పోదు. వక్తు ముగిస్తే పోతుంది. షాఫయీ మజ్‌హబ్‌లో ప్రతి ఫర్జ్‌కూ విడిగా వుజూ. అబ్బాలా అప్పుడప్పుడు జారేవాళ్లు ఈ లెక్కలోకి రారు, జారితే మళ్లీ శుభ్రం చేసుకుని వుజూ చేయాల్సిందే. సజ్దాలోకి వంగితేనే జారుతోందని చెబితే మా మస్జిద్ ఇమామ్ సాబ్ కుర్చీలో కూర్చుని ఇషారాతో చదవమన్నారు. ఒక్కొక్కరి పరిస్థితి వేరు కాబట్టి మీ ఆలిమ్‌కు దాచకుండా చెప్పి అడగండి. వాళ్లకు ఇది కొత్త ప్రశ్న కాదు.

మా ఇంట్లో కుదిరిన పద్ధతి: నమాజుకు పావుగంట ముందు బాత్రూమ్‌కు వెళ్లడం, ధార ఆగాక వెంటనే లేవకుండా కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించడం, కడుక్కుని కొత్త గార్డు పెట్టుకుని వుజూ చేయడం. నమాజుకు విడిగా ఒక పైజామా. చేతిలో చిన్న సంచి, అందులో ఒక గార్డు, ఒక డ్రాయర్, రెండు కవర్లు. కవర్లు ఎందుకంటే మన మస్జిద్‌ల మగవాళ్ల బాత్రూముల్లో చెత్తబుట్ట ఉండదు. వాడింది ఎక్కడ వేయాలో తెలియకే చాలామంది పెద్దవాళ్లు మార్చుకోకుండా తడితో కూర్చుంటారు. మస్జిద్ కమిటీవాళ్లు మూత ఉన్న ఒక బుట్ట పెడితే ఎంతో మందికి సవాబ్ చేసినట్టు.

నీళ్లు తగ్గించొద్దు

కారుతుందని నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి మూత్రసంచిని ఇంకా రేపుతుంది, వాసన పెరుగుతుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది. డాక్టర్ చెప్పినన్ని తాగాలి, పడుకునే ముందు రెండు గంటలు మాత్రం తగ్గించుకోవచ్చు. తగ్గించాల్సింది చాయ్. రోజుకు ఆరు కప్పులు తాగే అబ్బా రెండుకు వచ్చాక బాత్రూమ్ పరుగులు సగానికి తగ్గాయి. ఈలోపు రంజాన్ వస్తే ఉపవాసాల సంగతి సర్జన్‌ను అడిగి నిర్ణయించుకోండి. రోగికి తర్వాత కజా చేసుకునే వీలు దీన్‌లోనే ఉంది.

పైపు తీశాక, డాక్టర్ సరేనంటే, కటి కండరాల వ్యాయామం మొదలుపెట్టాలి. గాలి పోకుండా ఆపుకునేటప్పుడు బిగుసుకునే కండరాలే అవి. ఐదు సెకన్లు బిగించి ఐదు సెకన్లు వదిలేయడం, పదిసార్లు, రోజుకు మూడు పూటలు. మూత్రం పోస్తూ చేయకూడదు. అబ్బా తస్బీహ్ చదువుతూ లెక్కపెట్టుకునేవారు.

ఖర్చు

లెక్క అర్థం కావడానికి రేట్లు ఊహించి చెప్తాను. గార్డు ఒకటి 25 రూపాయలు, ప్యాంట్ ఒకటి 45 అనుకుందాం. పగలూ రాత్రీ ప్యాంట్లే వేస్తే రోజుకు నాలుగు, 180 రూపాయలు, నెలకు 5,400. పగలు మూడు గార్డులు, రాత్రికి ఒక ప్యాంట్ అయితే రోజుకు 120, నెలకు 3,600. రెండు రోజులు కాగితం రాసినందుకు నెలకు 1,800 మిగిలింది. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీతో పాటు ఒక్కోదానికి ధర కూడా ఉంటుంది, పోల్చాల్సింది దాన్నే. మొదటిసారి అతి చిన్న ప్యాకెట్ కొనండి, లూజుగా ఇస్తారేమో అడగండి. తెరిచిన ప్యాకెట్‌ను ఏ షాపువాళ్లూ వెనక్కి తీసుకోరు.

నెలసరి ప్యాడ్లకు 2018 జులై నుంచి జీఎస్టీ లేదు. పెద్దవాళ్ల డైపర్లకు 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం చేశారు. పాత స్టాకు మీద పాత ఎంఆర్‌పీ ఉంటే బిల్లు అడిగి చూసుకోండి. ఇక హెల్త్ ఇన్సూరెన్స్: ఐఆర్‌డీఏఐ ఇచ్చిన 'చెల్లించనక్కర్లేని వస్తువుల' జాబితాలో ఏ రకం డైపరైనా ఉంది. ఆసుపత్రిలో వాడిన డైపర్లు బిల్లులో కోతపడితే అందుకే. కన్స్యూమబుల్స్ కవర్ విడిగా తీసుకున్నవాళ్లకు రావొచ్చు, పాలసీ కాగితం చూడండి.

చర్మం, చెత్త

తడిగా అనిపించగానే మార్చాలి, నిండేదాకా ఆగొద్దు. మలం అయితే ఆ నిమిషమే. నీళ్లతో కడిగి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది, జింక్ ఆక్సైడ్ క్రీమో వాజలీనో పల్చగా రాయాలి. మందంగా పూస్తే ప్యాడ్ రంధ్రాలు మూసుకుపోయి పీల్చదు. పౌడర్ వద్దు, తడికి ఉండలు కట్టి ఒరుసుకుంటుంది. ఆడవాళ్లు ముందు నుంచి వెనక్కి తుడుచుకోవాలి. ఎర్రబడి పొక్కితే, షుగర్ ఉన్నవాళ్లయితే మరీ, డాక్టర్‌కు చూపించండి.

వాడినదాన్ని చుట్టి, న్యూస్‌పేపర్లో మడిచి చెత్తబుట్టలో వేయాలి. కమోడ్‌లో వేస్తే పైపులు జామ్ అవుతాయి. కాలువలో వేయడం గురించి చెప్పనక్కర్లేదు.

తగ్గుతున్న కొద్దీ ప్యాడ్ కూడా తగ్గించుకుంటూ రావాలి: ప్యాంట్ నుంచి గార్డుకు, గార్డు నుంచి బయటికి వెళ్లేటప్పుడే పెట్టుకోవడానికి. అబ్బా ఆరో వారంలో ఇంట్లో మానేశారు, జుమాకు మాత్రం ఇంకో నెల పెట్టుకున్నారు, "ఎందుకైనా మంచిది" అని. మిగిలిన తొమ్మిది ఎక్సెల్ డైపర్లు మా వీధి చివర పక్షవాతంతో మంచంలో ఉన్న ఒక పెద్దాయన ఇంట్లో ఇచ్చి వచ్చాను. వాళ్ల కోడలు నడుము కొలత ఎంతో ముందే రాసి పెట్టుకుంది.